వాన్ లీర్డం వారి బల్ల

ఆ శనివారం సాయంత్రం మాతర కోటలోని డచ్చి సంతతివారి సంఘభవనంలో వంశపరిశీలక సభకు హాజరైనవారు, కూర్చున్న వరుసలో, వీరు: అధ్యక్షులు డాక్టర్ హబర్ట్ క్లాసెన్, వారి పక్కన సర్వే శాఖ విశ్రాంత సూపరింటెండెంటు ఆస్వాల్డ్ వాన్ లీర్డం, ఆయన పక్కన కార్యదర్శి పర్సీ ఎబెల్. ఈ వరుస వయస్సును బట్టి గాని, చేసిన ఉద్యోగాన్ని బట్టి గాని ఏర్పడినది కాదు. ఎవరి మూలపురుషుడు ముందుగా డచ్చి కంపెనీ ఓడ దిగి లంక నేల మీద కాలు మోపాడో వారిది ముందు కుర్చీ. కుటుంబానికి ఒక్కటే కుర్చీ. క్లాసెన్ పూర్వీకుడు వాన్ లీర్డం పూర్వీకుని కన్న రెండు వర్షకాలాలు ముందు దిగాడు. ఆ రెండు వర్షకాలాలు ఆస్వాల్డ్‌కు జీవితమంతా కాలిలో విరిగిన ముల్లులా ఉండిపోయాయి.

నాలుగవ వ్యక్తి కుర్చీ లేని వ్యక్తి. తలుపు దగ్గర గోడకు ఆనించిన పొడుగాటి బెంచీ మీద, ఒళ్ళో గొడుగు అడ్డంగా పెట్టుకొని, మిస్ డల్సీ వాన్ లీర్డం కూర్చొని ఉన్నది. కోటలో చాలామంది ఆడపిల్లల పెళ్ళి ముసుగులకు లేసు అల్లినది ఆమె. ఇప్పుడు కళ్ళలో పొర కమ్మింది. ఒళ్ళోని వేళ్ళు మాత్రం ఊరుకోవు. ఎదురుగా లేని లేసు కదుళ్ళను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూనే ఉంటాయి.

సంఘం నడిపే వృద్ధమహిళల గృహంలో ఒక మంచం ఖాళీ అయింది. డల్సీ అద్దెకున్న ఇంటిని యజమాని ఒక వ్యాపారికి అమ్మేశాడు; కొత్త యజమాని నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. అందుచేత ఆమె దరఖాస్తు పెట్టుకొన్నది. అయితే ఆ గృహంలో చోటు కంపెనీ ఉద్యోగి మగసంతతికి చెందినవారికే. దరఖాస్తుదారు ఏ ఇంటిపేరు చెప్పుకొంటే ఆ కుటుంబ పెద్ద సభలో లేచి నిలబడాలి. నిలబడితే తమవారని ఒప్పుకొన్నట్టు. కూర్చొనే ఉంటే కానట్టు. నోటితో కాదనవలసిన అవసరం లేకుండా సంఘం పెద్దలు ఏర్పరచిన మర్యాద అది.

"మిస్ డల్సీ, మీరేమైనా చెప్పదలచుకున్నారా?" అని డాక్టర్ అడిగాడు.

"చెప్పడానికేముంది డాక్టరుగారూ. ఆస్వాల్డ్‌దీ నాదీ ఒకటే మూలం. అంతవరకే చెప్పగలను."

ఆస్వాల్డ్ గొంతు సవరించుకొన్నాడు. ఇటువంటి సందర్భాలలో ఆయన తొందరపడడు. కళ్ళజోడు తీసి తుడిచి, తిరిగి పెట్టుకొన్నాడు.

"మిస్ డల్సీ అంటే నాకు వ్యక్తిగతంగా ఎంతో గౌరవం. అయినా సత్యం సత్యమే. మా మూలపురుషుడు యాన్ హెండ్రిక్, డచ్చి దేశంలోని లీర్డం పట్టణం నుంచి వచ్చాడు. ఆయన కుమారుడు ఆడ్రియాన్. మేము ఆడ్రియాన్ సంతతివాళ్ళం. అదే ఇంట్లో పీటర్ అని ఒక పనిమనిషి కొడుకు ఉండేవాడు. ఆ పిల్లవాడి బాప్తిస్మానికి మా మూలపురుషుడు జ్ఞానతండ్రిగా నిలబడి, దయతో తన ఇంటిపేరు ఇచ్చాడు. మిస్ డల్సీ పీటర్ వంశం. పేరు వేరు, రక్తం వేరు. చలికి వణికేవాడికి మన కోటు కప్పుతాం. కప్పినంత మాత్రాన వాడు మన కొడుకైపోడు కదా."

"బాగా చెప్పారు," అన్నాడు పర్సీ, కలం ఎత్తకుండానే. "కొందరు కోటు తిరిగి ఇవ్వడం కూడా మరిచిపోతారు."

డాక్టర్ నవ్వాపుకొని, సంప్రదాయం ప్రకారం ఆస్వాల్డ్ వైపు తిరిగి చూశాడు. పైన పంకా కిర్రుమంటూ తిరిగింది. ఆస్వాల్డ్ రెండు అరచేతులూ బల్ల మీద బోర్లించి, కూర్చొనే ఉన్నాడు. ఎవరూ ఆయన ముఖం వైపు చూడలేదు. అందరూ ఆయన మోకాళ్ళ వైపు చూశారు. చూడవలసినంతసేపు చూసి డాక్టర్ తల పంకించాడు.

డల్సీ లేచింది. గొడుగు మడతలు సరిచేసుకొని, పట్టీ బిగించింది.

"మంచిది. టీ చల్లారిపోతోంది, తాగండి," అన్నది. మెట్ల మీద గొడుగు కర్ర చప్పుడు నిదానంగా దిగిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆస్వాల్డ్ భార్య హిల్డా ఇడియాప్పాల పళ్ళెం భర్త ముందుకు నెట్టి, తాను చేతులు కట్టుకొని కూర్చొన్నది.

"ఒక్క మంచం కదా, ఆస్వాల్డ్."

"మంచం సంగతి కాదు. నియమం."

"కుర్చీలోంచి లేవడానికి మోకాళ్ళు నొప్పా, ఇంకెక్కడైనా నొప్పా?"

"హిల్డా, నీకు వంశశాస్త్రం తెలియదు."

"నాకు తెలిసిందల్లా మా అమ్మకి సుస్తీ చేస్తే డల్సీ వచ్చి పక్కన కూర్చునేదని. అప్పుడు ఏ పీటర్ కూతురని ఎవరూ అడగలేదు. కొబ్బరి సంబోల్ వేసుకో, లేకపోతే మింగుడు పడదు."

ఆయన సంబోల్ వేసుకొని తిన్నాడు. తరువాత ముందుగదిలోకి వెళ్ళి, ఏటవాలు బల్ల మీద పరచిన పెద్ద కాగితం ముందు నిలబడ్డాడు. మూలపురుషుడు ఓడ దిగి రెండువందల ఏళ్ళు నిండే రోజున సంఘభవనంలో వేలాడదీయడానికి తన చేత్తో గీస్తున్న వంశవృక్షం అది. కొండలూ వాగులూ గీసిన చెయ్యి. నల్ల సిరాలో ముంచిన సన్నని పాళీతో ఒక్కొక్క కొమ్మనూ నదీపాయలా వంపు తిప్పి తెచ్చాడు. అడుగున యాన్ హెండ్రిక్. ఆయన నుంచి ఆడ్రియాన్‌కు ఒక బలమైన గీత. గోడ మీద ఫ్రేములో లీర్డం పట్టణం: ఒక ఏరు, చర్చి శిఖరం, గట్టున మేస్తున్న ఆవులు. ఆ ఊరు ఆయన చూడలేదు. అయినా అతిథులకు ఆ చిత్రం చూపించి, "మా ఊరు" అనేవాడు.

మర్నాడు ఆదివారం. కోట చర్చిలో వాన్ లీర్డం వారు కూర్చొనే బల్ల ఎడమవైపు మొదటి వరుసలో ఉన్నది. దాని ముందు భాగాన నేలలో మూలపురుషుని సమాధిరాయి. రాతి పై సగం అందరికీ కనిపిస్తుంది. కింది సగం బల్ల వేసిన చెక్క వేదిక కిందికి పోయింది. ఆస్వాల్డ్ తాతగారు కోరి, సొంత ఖర్చుతో వేయించిన వేదిక అది. మూలపురుషుని పాదాల చెంత కూర్చొని ప్రార్థించాలని ఆయన కోరిక అట. బల్ల చివర ఇత్తడి రేకు మీద ఆ మాటే చెక్కి ఉన్నది. పరాయి ఊరివారు వస్తే ఆస్వాల్డ్ వారిని రాయి దగ్గరకు తీసుకువెళ్ళి, పై సగంలోని డచ్చి వాక్యాలను చదివి అర్థం చెప్పేవాడు. కోటలో నిఘంటువు చూడకుండా డచ్చి చదవగలిగినది తానొక్కడేనని ఆయన గర్వం. ఆ గర్వం అబద్ధమేమీ కాదు.

ఆఖరి కీర్తనకు అందరూ లేచారు. రెండవ చరణం మధ్యలో హిల్డా కుడికాలి మడమ వేదికలోకి కసుక్కున దిగబడింది. ఆమె భర్త భుజం పట్టుకొని, పాట ఆపకుండానే కాలు లాగింది. కాలు వచ్చింది కాని చెప్పు రాలేదు. పాస్టరు కళ్ళు మూసుకొని పాడుతూనే ఉన్నాడు. వెనుక వరుసలలో కిసుక్కుమన్నారు.

ప్రార్థన ముగిసిన వెంటనే వెనుక నుంచి డల్సీ వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చొని, చిల్లులో చెయ్యి పెట్టి, కళ్ళతో పని లేకుండా వేళ్ళతోనే తడిమి, చెప్పును పక్కకు తిప్పి బయటికి తీసింది. దానికంటిన మెత్తని మట్టిని అరచేత్తో దులిపింది.

"చెదలు, హిల్డా. పైకి మెరుగు అలాగే ఉంది. లోపల ఏమీ మిగల్లేదు."

"నా బరువు ఎంతో ఊరందరికీ తెలిసిపోయింది," అని హిల్డా నవ్వింది. "రక్షించావు డల్సీ. మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రా."

"ఇంకోసారి వస్తానులే. సామాన్లు కట్టుకోవాలి," అన్నది డల్సీ. ఆస్వాల్డ్ టోపీ ఎత్తి మర్యాద చేశాడు. ఆమె కూడా మర్యాదగానే తల వంచింది.

సోమవారం ఉదయం వడ్రంగి మేస్త్రీ మార్టిన్, ఊరివారికి మార్టిన్ బాస్, పలుగుతో వచ్చాడు. ఆస్వాల్డ్ చేతికర్రతో అతని వెనుకే నిలబడి, ఏ పలక ముందు, ఏది తరువాత అని నిర్దేశించాడు. పాత మేకులు వంగకుండా తియ్యమన్నాడు. మొదటి పలక లేచేసరికి పుట్టమన్ను వాసన వచ్చింది. రెండవది పలుగు తగలగానే రొట్టెలా చిట్లింది. కింద తెల్లటి చెదపురుగులు వెలుగుకు బెదిరి పగుళ్ళలోకి పారిపోయాయి. మట్టిగొట్టాలు వేళ్ళలా అల్లుకొన్న చోట, మట్టి కింద, రాయి.

"అక్షరాలున్నాయి మహత్తయా," అన్నాడు బాస్.

ఆస్వాల్డ్ ముఖం వెలిగింది. తాతగారి కాలం తరువాత ఎవరూ చూడని సగం అది. తిరిగి పరిచేలోగా మూలపురుషుని బిరుదో, భార్య పుట్టింటి పేరో దొరికితే వృక్షంలో చేర్చవచ్చు. బాస్ కొబ్బరి ఈనెల చీపురుతో ఊడ్చాడు. ఆస్వాల్డ్ కోటు విప్పి బల్ల మీద వేసి, రుమాలు పరచుకొని మోకరిల్లాడు. మరొక రుమాలును నీళ్ళలో తడిపి మొదటి వరుస తుడిచాడు. రెండవ వరుస తుడిచాడు. పెదవులు కదుపుతూ చదువుతున్నవాడు మూడవ వరుస దగ్గర కదపడం మానేశాడు.

రాతి మీద ఇలా ఉన్నది: 'సంతానం లేకుండా మరణించెను. ఆయన గృహమున సేవ చేసి, ఆయనచే దాస్యవిముక్తి పొందిన పులికాటు రోసినా కుమారులు ఆడ్రియాన్, పీటర్ అను సోదరులు, బాప్తిస్మమందు ఆయన పేరు ధరించుటకు అనుమతి పొందినవారై, కృతజ్ఞతతో ఈ రాయి వేయించిరి.'

ఆయన తొలి వరుస నుంచి మళ్ళీ చదివాడు. ఏదో క్రియాపదాన్ని తప్పుగా అర్థం చేసుకొన్నానేమోనని ఆశపడ్డాడు. అది చదువురానివాడి ఆశ; ఆయనకు చదువు వచ్చు. అక్షరాలు లోతుగా, శ్రద్ధగా చెక్కి ఉన్నాయి. కొడుకులు డబ్బుకు వెనుదీయక చెక్కించిన అక్షరాలు. తమ తల్లి పేరును ఆ ఇద్దరూ దాచుకోలేదు. దాచినవాడు తరువాతి కాలంవాడు. మూలపురుషుని పాదాల చెంత కూర్చోవాలని కోరుకొన్నవాడు.

"బాస్."

"మహత్తయా."

"ఈ చెక్కలు మళ్ళీ ఎంతసేపట్లో వేస్తావు?"

"మళ్ళీనా? కొత్త చెక్క కొయ్యాలి, ఎండాలి. పై ఆదివారానికి కూడా చెప్పలేను."

"పాతవే వెయ్యి."

బాస్ నమ్మలేనట్టు చూసి, ఒక పలకను వేళ్ళతో నొక్కాడు. అది పిండిలా రాలింది. "ఇవా? ఇవి వేస్తే ఈసారి అమ్మగారు మోకాలిదాకా దిగిపోతారు. నామీదికొస్తుంది మహత్తయా."

"సరే. కొత్త చెక్క చూడు. వెళ్ళు, ఇప్పుడే వెళ్ళి చూడు."

బాస్ పలుగు అక్కడే వదిలి వెళ్ళాడు. ఆస్వాల్డ్ లేవబోయాడు; మోకాళ్ళు సహకరించలేదు. బల్ల అంచు పట్టుకొని సగం లేచి ఉన్నప్పుడు పక్క తలుపు తెరచుకొన్నది. సోమవారం చర్చి పూలకుండీలు కడిగే వంతు డల్సీది. చేతిలో నీళ్ళ చెంబుతో వచ్చి, ఊడ్చి పోసిన మట్టి దగ్గర ఆగింది.

"తెరిచారా," అన్నది.

ఆయన తన శరీరాన్ని అక్షరాలకు అడ్డంగా జరుపుకొన్నాడు. కళ్ళు కనిపించని మనిషి ముందు ఆ పని చేస్తున్నానని తెలిసి, చెవులు వేడెక్కాయి.

డల్సీ చెంబు కింద పెట్టి, రాయి రెండవ వైపున కూర్చొన్నది. చూపుడువేలు రాతి మీద పాకి, వెతుక్కోకుండానే ఒక చోట ఆగింది. రోసినా పేరు అక్కడ ఉన్నది.

"నీకు తెలుసా?" అన్నాడు ఆయన. ఎన్నో ఏళ్ళుగా ఆమెను 'మీరు' అనేవాడు.

"మా నానమ్మ సోమవారం సోమవారం కొబ్బరిపీచుతో ఈ అక్షరాలు తోమేదట. ఈ అమ్మ పేరు దగ్గర ఇంకాసేపు. తర్వాత మీ తాతగారు బల్ల వేయించారు. తోమే పని తప్పింది." ఆమె వేలు తీసి చీరకొంగుకు తుడుచుకొన్నట్టు గౌను అంచుకు తుడుచుకొన్నది. "నీకూ తెలుసనుకున్నాను, ఆస్వాల్డ్. తెలిసే అంత గట్టిగా మాట్లాడుతున్నావనుకున్నాను."

"తెలియదు. దేవుడి సాక్షిగా తెలియదు."

"అయితే మరీ మంచిది."

"శనివారం ఎందుకు చెప్పలేదు? ఒక్క మాటంటే సరిపోయేది!"

"ఏం సరిపోయేది? నాకు మంచం వచ్చేదా? నీ కుర్చీ కూడా పోయేది. అప్పుడు ఇద్దరం ఆ తలుపు దగ్గరి బెంచీ మీద కూర్చోవాలి. నాకు అలవాటే. నీకు నడుం పట్టేస్తుంది."

"నేను నిన్ను వాళ్ళందరి ముందూ..."

"కోటు సంగతా? భలే చెప్పావులే. ఇంటికెళ్ళాక నవ్వొచ్చింది. ఇద్దరివీ ఒకే తానులో గుడ్డ. నీది కాస్త ఇస్త్రీ చేసింది, అంతే."

ఆయన నవ్వలేదు. ఆమె కూడా ఎక్కువసేపు నవ్వలేదు. బయట సముద్రపు గాలికి కిటికీ రెక్క కొట్టుకొంటే లేచి వెళ్ళి గడియ పెట్టి వచ్చింది.

"చెక్క రావడానికి ఆలస్యమవుతుందా?"

"అవుతుందట."

"ఆదివారం అందరూ వంగి వంగి చూస్తారు. పాస్టరుగారికి డచ్చి రాదు కానీ ఎవరినో అడుగుతాడు. పూలగదిలో పాత పీచుచాప ఉంది. పట్టుకొస్తానుండు."

వద్దు అనడానికి ఆయనకు తగినంత వ్యవధి దొరికింది. ఆమె పూలగది దాకా నడచి వెళ్ళి, చాప చుట్టను చంకన ఇరికించుకొని, బల్లలు తడుముకొంటూ తిరిగి వచ్చేదాకా ఆయన నోరు విప్పలేదు. ఆమె చాపను రాయి మీద దొర్లించింది. ఒక మూల వంకరగా పడింది. ఆస్వాల్డ్ వంగి, ఆ మూలను పట్టి లాగి, అంచు గోడకు సమాంతరంగా వచ్చేలా సరిచేశాడు. జీవితమంతా గీతలు సరిచేసిన చేతులు. పని అయిపోయాక గాని తాను ఏం చేశాడో ఆయనకు తెలియలేదు.

"చక్కగా వచ్చిందా?" అని అడిగింది డల్సీ.

"వచ్చింది," అన్నాడు.

ఆ వారం ఆయన వృక్షం ముందు కూర్చొన్నాడు కాని సిరా మూత తీయలేదు. అడుగున యాన్ హెండ్రిక్ నుంచి ఆడ్రియాన్‌కు గీసిన బలమైన గీత వైపే చూపు పోయేది. నక్షాలో తప్పు పడితే సిరాను రెండు వైపులా పదునున్న బ్లేడుతో గీకి తీసివేయడం ఆయన ఉద్యోగంలో నేర్చిన పని. ఒక ఉదయం బ్లేడు తీసుకొని, ఊపిరి బిగబట్టి, ఆ గీతను కొంచెం కొంచెంగా గీకాడు. నల్లని పొడిని ఉఫ్‌మని ఊదాడు. గీత పోయింది. ఆ చోట కాగితం పలచబడింది. పైకెత్తి పట్టుకొంటే వెలుతురు అటునుంచి ఇటు వచ్చింది.

"ఏమైంది?" అన్నది హిల్డా, గుమ్మంలో నిలబడి.

ఆయన చెప్పాడు. చర్చిలో పాఠం చదివినట్టు, ఒక్క పదం వదలకుండా అనువదించి చెప్పాడు. చాప సంగతి కూడా చెప్పాడు. అది చెప్పేటప్పుడు మాత్రం కిటికీ వైపు తిరిగాడు.

హిల్డా కుర్చీ లాక్కొని కూర్చొన్నది.

"ఇన్నేళ్ళూ కాళ్ళు పెట్టుకు కూర్చున్నాం కదా."

"దేని మీద?"

"ఆ అమ్మ పేరు మీద. చెప్పులేసుకుని." తరువాత గోడ మీది ఆవులనూ ఏటినీ చూసింది. "పులికాటు ఎక్కడుంది?"

"అటు. సముద్రం దాటితే, కోరమాండల్ తీరాన."

"లీర్డం కంటే దగ్గరేనన్నమాట," అన్నది ఆమె. వెక్కిరింపుగా అనలేదు. ఆయనకు వెక్కిరింపైతేనే నయమనిపించింది.

శుక్రవారం సాయంత్రం ఆయన కోట పక్కని నది ఆవలి వీధిలోకి నడిచాడు. ఆ వీధిలో తనకు వేరే పని ఏదీ లేదు. డల్సీ ఇంటి ముందు ఎడ్లబండి నిలిచి ఉన్నది. మంచమూ ఒక అలమరా ఎక్కించారు. ఆమె మెట్టు మీద లేసు అల్లే దిండు ఒళ్ళో పెట్టుకొని కూర్చొన్నది. గుండుసూదిని పట్టుకొన్న చెయ్యి దిండు మీద గాలిలో తిరుగుతున్నది.

"ఎవరు? ఆస్వాల్డా? చేతికర్ర చప్పుడు పట్టేశాను. చూడు, సూది ఎక్కడ గుచ్చాలో చేతికి తెలుసు. కంటికి తెలీదు. రెండూ పోట్లాడుకుంటున్నాయి."

"సామాను ఎక్కడికి?"

"నా దగ్గర లేసు నేర్చుకున్న పిల్ల ఒకతె వెనక వరండా ఇస్తానంది. వర్షం జల్లు కొడుతుందట, తెరలు కట్టుకోవాలి. మంచం పడుతుంది, అలమరా పట్టదు. మీ హిల్డాకి పనికొస్తుందేమో అడుగు."

ఒక కదురు దిండు మీద నుంచి జారి మెట్లు దొర్లింది. ఆయన వంగి తీసి ఆమె చేతిలో పెట్టాడు. అరిగి నున్నబడిన కొయ్య. ఆమె దానిని బొటనవేలితో తడిమి, తన స్థానంలో వేసుకొన్నది.

"డల్సీ, రేపు సాయంత్రం సంఘభవనానికి రా."

"ఎందుకు? ఆ బెంచీకి నామీద బెంగ పెట్టుకుందా?"

"నేను పిలుస్తున్నాను. వస్తావా?"

ఆమె వేళ్ళు ఆగాయి. "నిజం చెప్పడానికైతే నన్ను పిలవకు. నిజం చెబితే నాకు వరండాయే. నీకు చెప్పానన్న తృప్తి. ఆ తృప్తి కోసం నా మంచం ఖర్చుపెట్టకు, నాయనా."

ఆయన తోవ పొడుగునా ఆ మాటను మోసుకొని ఇంటికి వచ్చాడు.

శనివారం సభలో కుర్చీల వరుస ఎప్పటివలెనే ఉన్నది. తలుపు దగ్గరి బెంచీ మీద డల్సీ ఉన్నది. పర్సీ కాగితాలు సర్దుకొంటూ, "మీ బల్ల కూలిందటగా మిస్టర్ వాన్ లీర్డం? మూలపురుషుడు కిందికి లాగాడా ఏమిటి?" అన్నాడు.

"చెదలు," అన్నాడు ఆస్వాల్డ్.

"మా బల్ల జోలికి మాత్రం ఎవరూ పోకండి," అని డాక్టర్ గట్టిగా నవ్వాడు. "అది బాగానే ఉంది. కదపకపోతే అన్నీ బాగానే ఉంటాయి." నవ్వు అయిపోయిన తరువాత కూడా ఆయన ఆస్వాల్డ్ వైపు కొంచెం ఎక్కువసేపు చూశాడు.

ఖాళీ మంచం ఎవరికివ్వాలన్న విషయం వచ్చింది. పర్సీ వేరొక పేరు చదవబోయాడు. అప్పుడు కుర్చీ వెనక్కు జరిగిన చప్పుడైంది. ఆస్వాల్డ్ లేచి నిలబడ్డాడు.

డాక్టర్ కళ్ళజోడు పైకి తోసుకొన్నాడు. "ఏమిటి ఆస్వాల్డ్? దేనికి నిలబడ్డావు?"

"మిస్ డల్సీ వాన్ లీర్డం దరఖాస్తుకు. ఆమెదీ నాదీ ఒకటే మూలం."

"పోయిన వారం నువ్వే కదా..."

"పోయిన వారం నేను చెప్పినది తప్పు. పీటర్, ఆడ్రియాన్ సొంత అన్నదమ్ములు. రుజువు చూశాను. దానికి నేను పూచీ."

డాక్టర్ నెమ్మదిగా లేచి, ఆస్వాల్డ్ చెయ్యి పట్టుకొని ఊపాడు. "పెద్దమనిషి అనిపించుకున్నావయ్యా. పోనీ కింది కొమ్మ కదా అని తోసెయ్యకుండా, వెతికి, పట్టుకొచ్చి, మీ కొమ్మకు కట్టుకున్నావు. ఎవరు చేస్తారు ఈ రోజుల్లో? పర్సీ, రాయండి. మిస్టర్ ఆస్వాల్డ్ వాన్ లీర్డం ఔదార్యానికి ఈ సభ ప్రశంస తెలుపుతోంది, అని."

పర్సీ కలం కాగితం మీద పరుగెత్తింది.

"అది కాదు డాక్టర్," అన్నాడు ఆస్వాల్డ్. "నేను వెతకలేదు. అసలు సంగతి..."

ఆయన చూపు బెంచీ మీదికి పోయింది. డల్సీ ముఖం ఇటు తిరిగి ఉన్నది. ఆమెకు ఇంత దూరం నుంచి ఆయన ముఖం కనిపించదు. ఒక నల్లకోటు నీడ మాత్రం కనిపిస్తుంది. ఆమె ఒళ్ళోని వేళ్ళు కదలడం లేదు. ఇంకొక్క వాక్యం చెబితే అవి వర్షపు జల్లు కొట్టే వరండాలో తెరలు కట్టుకోవాలి. చెప్పకపోతే, తనది కాని ప్రశంసను తన పేరు మీద, సంఘం ఉన్నంతకాలం, తాను మోయాలి. ఈ గదికి వచ్చేటప్పుడు నిజం చెప్పడమే కష్టమనుకొన్నాడు. పొగడ్త వింటూ నిలబడడం అంతకన్న కష్టమని ఎవరూ ఆయనకు నేర్పలేదు. ఆ వాక్యాన్ని మింగేశాడు.

"అసలు సంగతి ఏమిటి?" అన్నాడు డాక్టర్.

"మంచం ఆమెకు ఖాయమైనట్టేనా?"

"ఖాయం. సోమవారం చేరవచ్చు. అలమరా ఉంటే అది కూడా తెచ్చుకోవచ్చు."

బెంచీ మీద నుంచి చిన్న నిట్టూర్పు వినిపించింది.

"అయితే మీరు రాసిన వాక్యం కొట్టేయండి," అన్నాడు ఆస్వాల్డ్ పర్సీతో.

"ఏది? మీ ఔదార్యమా?"

"అదే. నేను చెప్పినట్టు రాయండి."

ఆయన తన కుర్చీని రెండు చేతులతో ఎత్తి, బల్ల చుట్టూ తిరిగి, తలుపు దగ్గరకు మోసుకువెళ్ళాడు. డల్సీ మోచెయ్యి పట్టి లేపి, అందులో కూర్చోబెట్టాడు.

"ఇదేమిటి ఆస్వాల్డ్? కుటుంబానికి ఒక్కటే కుర్చీ," అని ఆమె గొణిగింది. "నువ్వెక్కడ కూర్చుంటావు?"

"నిలబడతాను."

"మోకాళ్ళు..."

"నిలబడతాను డల్సీ."

డాక్టర్ తన గడ్డం నిమురుకొన్నాడు. ఆస్వాల్డ్ కుర్చీ వెనుక చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడి, ఒక్కొక్క మాటా రాసుకోవడానికి వ్యవధి ఇస్తూ చెప్పాడు. మధ్యలో పర్సీ ఆగి, "ఏ ఉపకారమో రాయాలి కదండీ? చదివేవాళ్ళకి అర్థం కావద్దూ?" అన్నాడు.

"ఉపకారం అని రాయండి. అంతే రాయండి."

పర్సీ భుజాలెగరేసి రాశాడు. అద్దుడుకాగితం అద్ది, సంప్రదాయం ప్రకారం సభకు పైకి చదివి వినిపించాడు:

"మిస్ డల్సీ వాన్ లీర్డం, తమ కుటుంబానికి ఉపకారం చేసియున్నారనియు, ఆ ఉపకారమునకు తాము పాత్రులము కామనియు, ఆ కుటుంబము పేర ఆస్వాల్డ్ వాన్ లీర్డం ఈ సభయందు నిలబడి అంగీకరించిరి."